ఒక వాక్యమునకు సవరణ

పూర్వవిద్యార్థులను ఏటేట ఒక వ్యాసము వ్రాసి పంపుడని కోరుట మన పత్రికాసంపాదకులకు వాడుక. ఇట్టి వ్యాసములలో గురువుల గుణవర్ణనమును, బాల్యమునాటి అల్లరియు, వసతిగృహపు చారులోని పలుచదనమును తప్పక కనబడుచుండును. నేనును అట్టిదే వ్రాయదలచి కూర్చుంటిని గాని కలము సాగలేదు. ఏలయనగా ఈ పత్రికకు నేనొక బాకీ పడియున్నాను. అది తీర్పక గురువులను గూర్చి గాని చారును గూర్చి గాని వ్రాయుటకు చేయి రాకున్నది.

1981వ సంవత్సరపు సంచికలో, నేను పదవ తరగతి చదువుచుండగా, శ్రీహరికోటను గూర్చి నేను వ్రాసిన వ్యాసము అచ్చుపడినది. దానికి మొదటి బహుమానముగా ఒక నిఘంటువు నిచ్చిరి. అది యిప్పటికిని నాయొద్ద నున్నది. ఆ సంచికయు నున్నది. ఇప్పుడు చదువగా అందులోని అలంకారములకు నాకే నవ్వు వచ్చును. రాకెట్టును గరుత్మంతునితోను, ప్రయోగగోపురమును బాబెలు గోపురముతోను పోల్చి, బాబెలు కట్టినవారి భాషలు తారుమారైనవి గాని మనవారి లెక్కలు తారుమారు కాలేదని వ్రాసితిని. ఈ పోలికను మా తెలుగు అయ్యవారు మిక్కిలి మెచ్చుకొనిరి. అదంతయు బాలచాపల్యమని విడిచిపెట్టవచ్చును. కాని రెండవ పుటలో ఒక వాక్యమున్నది. "రాకెట్టు కేంద్రము వెలయుటకు మునుపు ఈ ద్వీపము మనుష్యసంచారము లేని వట్టి ముండ్లపొదల బీడు." ఇందులో రెండు అబద్ధము లున్నవి. మొదటిది అబద్ధమని వ్రాయునప్పుడే ఎఱుగుదును. రెండవది అబద్ధమని తెలియుటకు అయిదాఱేండ్లు పట్టినది.

ఆ వ్యాసమునకు కారణమైన ఉదయము నాకు నిన్నటివలె జ్ఞాపకమున్నది. 1980 జూలై 18, శుక్రవారము. వసతిగృహపు బాలురమందఱమును ఆటస్థలమున చేరితిమి. సైన్సు అయ్యవారు చేతిగడియారము చూచుచు నిలువబడియుండిరి. అంతకు ముందటి యేడు ఆగస్టు 10న ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతములో పడిపోయియున్నందున పెద్దల ముఖములలో దిగులు కనబడుచుండెను. ఎనిమిది గంటలు దాటిన మూడు నిమిషములకు తూర్పున, సరస్సునకు ఆవల, తెల్లని గీత యొకటి మింటికి లేచినది. శబ్దము లేదు. అయ్యవారు "లెక్కపెట్టుడు, లెక్కపెట్టుడు" అని కేకవేసిరి. మేము రమారమి అఱువదివఱకు లెక్కపెట్టిన పిమ్మట దూరపు ఉఱుమువంటి ధ్వని నేలమీదుగా వచ్చి మా పాదములను తాకినది. ధ్వనివేగమును గూర్చి పుస్తకములో చదివినది ఆనాడు కాళ్లకు తెలిసినది. 22 మీటర్ల పొడవును 17 టన్నుల బరువును గల ఆ వాహనము 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినదని సాయంకాలము రేడియోలో వింటిమి. అబ్దుల్ కలాముగారి పేరును సతీష్ ధవన్ గారి పేరును మేము మొట్టమొదట విన్నది ఆనాడే. అందఱికంటె బిగ్గరగా కేకలు వేసినవాడు నా ప్రక్కనే నిలువబడిన నా మిత్రుడు. ఈ సంగతిని మఱువవద్దని చదువరులను వేడుచున్నాను.

నా మిత్రుడు యానాది. వాని తల్లిదండ్రులు శ్రీహరికోట అడవిలో పుట్టినవారు. 1969లో ఆ ద్వీపము ప్రయోగకేంద్రమునకు ఎన్నుకొనబడెను. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో అక్కడి పని ఆరంభమయ్యెను. ఆ కాలముననే ద్వీపములోని యానాదులును ఊళ్లవారును పెక్కుమంది వెలుపలికి తరలింపబడిరి. వాడు అప్పటికి తల్లి చంకలోని బిడ్డ. ఈ విషయము మేము వసతిగృహములో ప్రక్కప్రక్కల చాపలమీద పండుకొన్న రాత్రులలో వాడే నాకు చెప్పియుండెను. తెలిసియే నేను ఆ వాక్యము వ్రాసితిని. ఎందులకని యడిగిన, ముందు ఏమియు లేదనిన గాని పిమ్మట వచ్చినది గొప్పగా కనబడదని తోచినది. అంతకంటె వేఱు కారణము లేదు.

పత్రిక పంచిపెట్టిన దినమున వాడు వేపచెట్టు క్రింద కూర్చుండి నా వ్యాసము మొదటినుండి తుదివఱకు చదివెను. పిమ్మట నాయొద్దకు వచ్చి, ఆ వాక్యముమీద వ్రేలు పెట్టి, "ఒరే, మా అవ్వ మనిషి గాదా?" అని యడిగెను. కోపముతో అడుగలేదు, లెక్కలో ఒక మెట్టు తెలియనప్పుడు అడుగునట్లు అడిగెను. నేను నవ్వి, "వ్యాసమన్నప్పుడు కొంచెము ఎత్తుగా వ్రాయవలెను గదరా" అంటిని. వాడు పత్రికను మడిచి నా చేతికిచ్చి, ఆ దినము నీళ్లు తోడు వంతు తనది కావున బావియొద్దకు పోయెను. మరల ఆ మాట ఎత్తలేదు.

వేసవి సెలవులలో వాడు నన్ను వాళ్ల యింటికి పిలిచెను. తాటాకు గుడిసె. వంగిన గాని లోపలికి పోరాదు. నడుమ రెండు పాలకొయ్య గుంజలు నూనె పట్టినట్లు నున్నగా నుండెను. అవి ద్వీపమునుండి తెచ్చినవనియు, ఇల్లు మాఱినను గుంజలు మాఱలేదనియు వాడు చెప్పెను. వాళ్ల అవ్వకు శ్రీహరికోట అచ్చులో పడినదని ఎవరో చెప్పిరట. చదివి వినిపింపుమని ఆమె అడిగెను. చదివితిని. ఆ వాక్యము వచ్చినప్పుడు దానిని దాటివేసి తరువాతి పంక్తికి పోయితిని. నా మిత్రుడు నావైపు చూచి ఊరకుండెను.

అంతయు విని అవ్వ రెండు ప్రశ్నలు వేసెను. "అబ్బయ్యా, ఆ ఇనప కట్టడం యాడ కట్టినారు? పాలచెట్ల గుంపు కాడా, మొగలి డొంక కాడా?" నాకు తెలియదంటిని. రాకెట్టు పొడవును బరువును కంఠస్థము చేసిన నాకు, అది నిలిచిన నేలపై నేమి యుండెనో తెలియదు. ఆమె కొంతసేపు ఆగి, "అంత పొడుగు కట్టినారు గదా, పైకెక్కితే అడివంతా అగపడతాదా?" అనెను. జన్మమంతయు ఆ అడవిలో నడచిన ఆ ముసలిది దానిని పైనుండి ఎన్నడును చూడలేదు. అదియు నాకు తెలియదంటిని.

ఆ సాయంకాలము ఆమె చెప్పిన మాటలలో నాకు జ్ఞాపకమున్నవి కొన్ని. ఇసుకమిట్టల నడుమ పల్లములో రెండు జేనలు చేతితో త్రవ్విన మంచినీరు ఊరునట. మూడు జేనలు త్రవ్విన ఉప్పునీరు తగులునట. ద్వీపములలో వాననీరు ఇసుకలో దిగి ఉప్పునీటిమీద తేలియుండునని నేను కళాశాలలో చదివితిని. అవ్వ జేనలతో కొలిచి చెప్పినది అదియే. తేనె, దుంపలు, చిరివేరు మొదలగునవి తెచ్చి యిచ్చిన సర్కారువారు బియ్యము కొలిచి యిచ్చెడివారని తన పెద్దలవలన వినియుండెను. చిరివేరు మన చదువరులలో పలువుర కిప్పుడు తెలియదు. చోళమండలతీరపు అద్దకపు బట్టలకు ఎఱుపు నిచ్చినది ఆ సన్నని వేరే. రసాయనపు రంగులు వచ్చిన పిమ్మట దాని బేరము పోయినది.

ఇక నా రెండవ అబద్ధము. తిరుపతిలో వృక్షశాస్త్రము చదువునప్పుడు ఒకనాడు మా ఉపన్యాసకులు అరణ్యభేదములను చెప్పుచు, వర్షారణ్యమునకు పటము గోడమీద వ్రేలాడదీసి, ఆకాశమంటు చెట్లును, వానిని అల్లుకొన్న తీగలును చూపి, "ఇట్టివి మన ప్రక్క లేవు. కాని దీనికి దాయాదివంటి దొకటి మన సముద్రతీరమున నున్నది. ఉష్ణమండలపు శుష్క సతతహరితారణ్యము. మిగిలిన చోట్ల గుళ్లచుట్టు తునకలు తునకలుగా నిలిచినది. శ్రీహరికోటలో మాత్రము అడవిగానే యున్నది" అనిరి. నేను తల వంచుకొంటిని. ముండ్లపొదల బీడని అచ్చువేయించినవాడను గదా.

ఈ అరణ్యపు వింత యేమనగా, పేరులోనే రెండు విరుద్ధములున్నవి. శుష్కము, అయినను ఎల్లవేళల పచ్చన. తక్కిన ఎండప్రాంతపు చెట్లు నీరు చాలనప్పుడు ఆకు రాల్చి నిద్రపోవును. తీరపు చెట్లు అట్లు చేయవు. ఇక్కడి వాన చాలవఱకు అక్టోబరు మొదలు డిసెంబరువఱకు ఈశాన్యపు గాలితో వచ్చును. తరువాత నెలల తరబడి ఎండయు ఉప్పుగాలియు. ఆ చెట్ల ఆకులు చిన్నవై, దళసరివై, తోలువలె గట్టివై, మెఱుగు పూసినట్లుండును. లోని తడిని పోనీయవు. ఎత్తును ఎక్కువ కాదు. కొమ్మలును తీగలును ఒకదానితో నొకటి పెనవేసికొని, సముద్రపు గాలికి దువ్వినట్లు వంగి, పైన ఒక కప్పువలె నేర్పడును. వెలుపలినుండి చూచువానికి పొదవలె కనబడుట నిజమే. లోపల నిలిచి చూచిన, మిట్టమధ్యాహ్నమున చల్లని చీకటి. నేను వెలుపలినుండి చూచి వ్రాసితిని. అవ్వ లోపలినుండి చెప్పెను.

అందు పాలచెట్టు పెద్దది. దాని కొయ్య నీట వేసిన మునుగునంత బరువు. పసుపుపచ్చని చిన్నపండ్లు పాలుకారుచు తియ్యగా నుండును. అల్లిచెట్టు వసంతమున కొమ్మలపై అంటించినట్లు నీలిపువ్వులు పూయును. దాని ఆకునుండి చాపలకును బట్టలకును పసుపురంగు తీయుదురు. నేరేడు చెప్పనక్కఱలేదు. ముష్టి యున్నది, దాని గింజ విషము. పల్లములలో తేమ నిలిచిన చోట్ల పేము పెనగొనును. తరగతిలో మా అరచేతులు ఎఱ్ఱబాఱుటకు కారణమైన బెత్తము అదియే. సముద్రము ప్రక్కన మొగలిపొదలు, తాళ్లు, ఈదులు. రాత్రులందు దేవాంగపిల్లి పెద్దకన్నులతో కొమ్మనుండి కొమ్మకు తొందరలేక నడచును. యజమాని లేని పశువులు అడవిపశువులై మందలుగా తిరుగును.

ఇట్టి అడవి మిగిలియుండుటయే ఆశ్చర్యము. ఏలయనగా దానికి ఆకలిగొన్న పొరుగు ఒకటి దక్షిణమున నుండెను. అది చెన్నపట్టణము. పట్టణమునకు వంటచెఱకు చాలకపోగా 1835లో మద్రాసు ప్రభుత్వమువారు శ్రీహరికోటను తమ స్వాధీనము చేసికొనిరి. తరువాత బకింగ్‌హామ్ పేర ప్రసిద్ధమైన కాలువమీదుగా కట్టెల పడవలు పట్టణమునకు పోయెడివి. పాల, అల్లి, నేరేడు కట్టెలు పట్టణపు పొయ్యిలలో తరములకొలది మండినవి. అడవికి ప్రాణము పోకుండుటకు కారణము, ఈ జాతుల చెట్లు నఱికిన మొద్దునుండి మరల చిగుర్చుట. కొన్ని చోట్ల సరుగుడును యూకలిప్టసును నాటిరి. అవి నేటికిని వరుసలు తీర్చిన సైనికులవలె వేఱుగా గుర్తుపట్టవచ్చును.

నేను ఉద్యోగరీత్యా చెన్నపట్టణములో చాలకాలముంటిని. అక్కడ నా కన్నులయెదుటనే పెంకుటిండ్లు పోయి అంతస్తులమీద అంతస్తులు లేచినవి. ఇప్పుడు పెద్దరస్తాల ప్రక్క అద్దపు గోడల సౌధములు నిలిచి, లోపల చల్లగాలి యంత్రములతో బ్రదుకుచున్నవి. ఎండను బయటికి త్రోయుట, ఆ వేడిని వీథిలో పోవువానిమీద విడుచుట వాని పద్ధతి. ఒకదాని భుజము నొకటి ఒరసికొని నిలుచును. నడుమ ఒక చెట్టునకు చోటు దొరకదు. ఇవి నాకు వికారముగా తోచినవని చెప్పిన అది పూర్తిగా నిజము కాదు. రాత్రివేళ దీపములతో అవి చూడముచ్చటగానే యుండును. కాని వాని యెదుట నిలిచినప్పుడెల్ల, ఈ పట్టణము ఒకనాడు తిన్న అన్నము ఏ చెట్లమీద వండినదో ఈ గోడలలో ఏదియు జ్ఞప్తికి తేదు గదా యని అనుకొనుచుంటిని. సూళ్లూరుపేటకు పోవు బండి యెక్కినచో పట్టణపు మేడలు, ఎన్నూరు పొగగొట్టములు, పొలములు, ఉప్పునేలలు వరుసగా వచ్చును. రమారమి రెండుమూడు గంటలలో పొయ్యియొద్దనుండి అడవియొద్దకు చేరవచ్చును.

2023 జూలై 14న నేనును నా మిత్రుడును ఆ ప్రయాణమే చేసితిమి. వాడు తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొనియుండెను. చంద్రయాన్-3 ప్రయోగము చూచుటకు అంతర్జాలమున పేర్లు నమోదు చేసికొంటిమి. ప్రజలు కూర్చుండి చూచుటకు అక్కడ 2019లో మెట్లమెట్లుగా ఒక ప్రేక్షకశాల కట్టిరి. సూళ్లూరుపేట దాటి సరస్సునకు అడ్డముగా వేసిన కట్టమీద పోవుచుంటిమి. పులికాటు అని పటములలో నుండు ఈ సరస్సును మన ప్రక్కవారు ప్రళయకావేరి యందురు. చిలుక తరువాత మనదేశమున ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య వేఱొకటి లేదు. శీతకాలమున వచ్చినవారికి కట్ట కిరుప్రక్కల నీరును, నీటిలో ఎఱ్ఱకాళ్ల ఫ్లెమింగోలును, గూడబాతులును కన్నులపండువు చేయును. మేము పోయినది జూలై. నీరు లేదు, పక్షి లేదు. బీటలువాఱిన బురదమీద ఉప్పు తెల్లగా మెఱయుచుండెను. దూరమున తిప్పలు ఎండలో తేలుచున్నట్లు కనబడెను. ఈ నేల 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలోనిది. నా చిన్ననాడు నెల్లూరు జిల్లా. జిల్లా మాఱినను బురద వాసన మాఱలేదని నా మిత్రుడనెను.

ద్వారమున గుర్తింపుకార్డు చూపుమనిరి. వాడు తన కార్డు తీయుచు నవ్వి, "మా తాత పుట్టిన చోటికి పోవడానికి నాకు కార్డు కావాల. పశువులకు అక్కఱలే" అనెను. నేను నవ్వలేకపోయితిని.

ప్రేక్షకశాల మీది మెట్టున నిలిచి చూడగా, మాకును సముద్రమునకును నడుమ నున్నదంతయు అడవియే. అల్లకల్లోలము లేని పచ్చని నీటివలె అది పఱచుకొనియుండెను. దాని అంచున ప్రయోగగోపురములు నిలిచియుండెను. వాహనమును కూర్చు భవనము 82 మీటర్ల యెత్తు. దాని లోపల రాకెట్టును నిలువుగా భాగము భాగముగా పేర్చి, పిమ్మట చక్రముల పీఠముమీద పట్టాలవెంట రమారమి ఒక కిలోమీటరు దూరము నడిపించి వేదికయొద్దకు తెత్తురు. 2005 మేలో పని మొదలిడిన రెండవ వేదిక కిది పద్ధతి. మొదటి వేదికయందు రాకెట్టు చుట్టునున్న ఇనుపగోపురము వెనుకకు జరుగును. రెండవ వేదికచుట్టు నాలుగు సన్నని స్తంభములు పిడుగులను తమమీదికి లాగుకొనుటకు నిలిచియున్నవి.

ఆ కట్టడములలో అలంకారము పేరునకైనను లేదు. అయినను చెన్నపట్టణపు అద్దపుమేడలకంటె అవి నాకు సొగసుగా తోచినవి. ఏలనో ఆలోచింపగా, అవి ఒకదానికొకటి దూరముగా నుండుటచేతనని తోచినది. ఈ దూరము సొగసునకై పెట్టినది కాదు. అక్కడ ఘనేంధనమును పోతపోయు కర్మాగార మున్నది, ఎల్.వి.ఎం.-3 ప్రక్కల కట్టు రెండు బూస్టర్లలో ఒక్కొక్కదానిలో రమారమి 200 టన్నుల ఇంధన ముండును. ఒకచోట ప్రమాదము జరిగిన మఱియొక చోట తగులకుండుటకు భవనమునకును భవనమునకును నడుమ ఎడము విడువవలెను. ఆ ఎడములో అడవి నిలిచినది. తూర్పున సముద్ర ముండుటచేత విడిపోయిన భాగములు నీట పడును. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుటచేత తూర్పునకు విసరిన వాహనమునకు ఆ వేగము ఉచితముగా కలిసివచ్చును. భూమధ్యరేఖకు ఎంత దగ్గఱగా నున్న అంత లాభము. ఇన్ని గుణములకు తోడు జనము పలుచగానున్న చోటు కావలసివచ్చెను. పలుచగానుండుట వేఱు, లేకుండుట వేఱు. నేను 1981లో చేసిన తప్పు ఆ రెంటిని ఒకటి చేయుటయే.

ఇది వ్రాయుచుండగా ఒక సంగతి నన్ను ఇబ్బంది పెట్టుచున్నది. ఏ కంచె యానాదిని వెలుపల నుంచెనో, ఆ కంచెయే గొడ్డలిని కూడ వెలుపల నుంచినది. కంచె లేనియెడల తీరమందలి తక్కిన అడవులవలె ఇదియు గుడిచుట్టు తునకగా మిగిలియుండునేమో. అడవి బ్రదికినది గనుక జరిగినదంతయు మంచిదే యని చెప్పుటకు నాకు మనసొప్పదు. వారు పోవలసివచ్చినది గనుక గోపురములు చూచి సంతోషింపగూడదని చెప్పుటకును ఒప్పదు. నా మిత్రునే అడిగితిని. వాడు, "రెండూ నిజమేరా. కూడికకు రావు, అంతే" అనెను. తపాలాలెక్కలు వేసినవాడు గావున వాని మాట నమ్మితిని.

మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు అడవి అంచున తెల్లని పొగ విచ్చుకొనెను. 640 టన్నుల వాహనము మొదట కదలుచున్నదా లేదా యనునంత మెల్లగా లేచి, పిమ్మట చూపునకు అందని వేగము నందుకొనెను. జనులు కేకలు వేయుచుండిరి. మేమిద్దఱము, అనుకొనకయే, లెక్కపెట్టుచుంటిమి. పది దాటిన తరువాత ధ్వని వచ్చి ఱొమ్ములను తాకెను. అడవిమీద పక్షులు ఒక్కసారిగా లేచి, సుడి తిరిగి, కొంతసేపటికి మరల చెట్లలో దిగిపోయెను. హోరేబు కొండమీద మండియు కాలని పొదను గూర్చి మా వసతిగృహపు ప్రార్థనలలో విన్నది నాకు తలపునకు వచ్చినది. ఈ ద్వీపపు కట్టెలు నూఱేండ్లు ఊరివారి పొయ్యిలలో కాలినవి. ఇప్పుడు చెట్లు నిలిచియుండగా వాని ప్రక్కనుండి మంట పైకి పోవుచున్నది. 1980లో వలెనే నా మిత్రుడు అందఱికంటె బిగ్గరగా కేకవేసెను. ఆ వాహనము మోసికొనిపోయినది ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువము దాపున దిగినది. ఆ రాత్రి వాడు నాకు ఫోను చేసి మాటలాడక నవ్వుచునే యుండెను.

జనులందఱు దిగిపోయిన పిమ్మట వాడు మీది మెట్టునుండి కదలలేదు. పొగవైపు గాక అడవివైపు చూచుచుండెను. "పైకెక్కితే అగపడతాదా అని అడిగింది గదా" అనెను. నేను మఱచితిననుకొంటిని గాని వాడు మఱువలేదు. "అగపడతా ఉంది" అని మరల తానే అనెను. పాలచెట్ల గుంపు ఏదియో, మొగలిడొంక ఏదియో అంతదూరమునుండి మాకు తెలియలేదు. అవ్వయుండిన చెప్పగలిగెడిదేమో. ఆమె పోయి అప్పటికి ముప్పదియేండ్లు.

2025 జనవరిలో కేంద్రమంత్రివర్గము శ్రీహరికోటలో మూడవ ప్రయోగవేదికకు అనుమతి నిచ్చెను. 3,984.86 కోట్ల రూపాయల వ్యయముతో, 48 నెలల గడువులో, ఇంకను పెద్ద వాహనముల కొఱకు కట్టవలెనని నిర్ణయము. ఈ పత్రికలో దానిని గూర్చియు మీలో ఎవరో ఒకరు వ్రాయుదురు, బహుమానమును పొందుదురు. ఎత్తును బరువును వ్రాయునప్పుడు అవ్వ మొదటి ప్రశ్నను కూడ అడిగి వ్రాయుడని కోరుచున్నాను. నాకు దానికి జవాబు నేటికిని తెలియదు. యానాదులను గూర్చి తెలిసికొనగోరువారు, నెల్లూరు ప్రాంతమున వారికొఱకు జీవితమంతయు పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆంగ్లమున వ్రాసి 1962లో ప్రకటించిన గ్రంథమును చూడవచ్చును. నేను వ్యాసము వ్రాయునాటికే అది వెలువడి పందొమ్మిదేండ్లు. నేనే చూడలేదు.

ఇక సవరణ. 1981వ సంవత్సరపు సంచిక ఎవరియొద్దనైన నున్నయెడల, నా వ్యాసపు రెండవ పుటలోని ఆ వాక్యమును ఇట్లు దిద్దుకొన వేడుచున్నాను: "రాకెట్టు కేంద్రము వెలయుటకు మునుపు ఈ ద్వీపము యానాదులును కొన్ని ఊళ్లవారును నివసించిన అడవి. ఆ అడవిలో చాలభాగ మిప్పటికిని ఉన్నది. వారిలో పెక్కుమంది అక్కడ లేరు."

ఈ వ్యాసమును సంపాదకులకు పంపుటకు ముందు నా మిత్రునికి పంపితిని. వాడు రెండు దినములు పెట్టుకొని చదివి, ఒకే తప్పు చూపెను. గుడిసెలోని గుంజలు పాలకొయ్యవి కావట, అల్లికొయ్యవట. పండు నిచ్చు చెట్టును అవ్వ నఱకనిచ్చెడిది కాదట. శుద్ధప్రతి అప్పటికే వ్రాసియుంటిని గావున పైన దిద్దలేదు. చదువరులు ఆ చోట అల్లి యని చదువుకొందురు గాక.